పిల్లలకు మానసిక వైద్యం: ఓపీలో ఏం జరుగుతుంది? ఎక్కడికి వెళ్లాలి? ఇంట్లోవాళ్లను ఎందుకు రమ్మంటారు?

సోమవారం ఉదయం కడుపునొప్పి. మంగళవారానికి కాస్త తగ్గుతుంది. శుక్రవారం సాయంత్రానికి అసలు గుర్తే ఉండదు. ఆదివారం రాత్రి అన్నం దగ్గర మళ్లీ మొదలు.

ఆరో తరగతి చదివే ఒక అమ్మాయికి ఇలా జరుగుతోందని అనుకుందాం. పిల్లల డాక్టర్ నులిపురుగుల మందు రాస్తారు, తర్వాత స్కానింగ్. రిపోర్టులన్నీ నార్మల్. నాయనమ్మ దిష్టి తీసి, 'పిల్ల నీరసంగా ఉంది, ఈ వారం బడి వద్దులే' అంటుంది. నాన్న 'అంతా నాటకం' అని అరుస్తాడు. అమ్మ ఇద్దరి మధ్యా నలుగుతుంది. రెండు నెలలయ్యాక ఎవరో 'ఒకసారి సైకియాట్రీ ఓపీలో చూపించండి' అంటారు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ', విశాఖలో 'చినవాల్తేరు' అన్న పేర్లు ఆసుపత్రుల కన్నా వెక్కిరింతలుగానే మనకు ఎక్కువ పరిచయం. సినిమాల్లో, స్నేహితుల మాటల్లో వాటిని వాడీ వాడీ అలా చేశాం. దాంతో పిల్లను అక్కడికి తీసుకెళ్లడమంటే ఏదో ముద్ర వేయించుకోవడమే అనుకుంటారు. నిజానికి పిల్లల మానసిక వైద్యంలో చాలా భాగం ఆసుపత్రిలో చేర్చుకోకుండానే జరిగిపోతుంది. పొద్దున వెళ్లి, మాట్లాడి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయడమే. ఆ ఓపీ సేవ గురించే ఈ కథనం.

ఏ వయసులో ఏం గమనించాలి?

పిల్లల్లో మానసిక సమస్యలు అరుదేమీ కాదు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది ఉన్న తరగతి గదిలో దాదాపు ముగ్గురు. 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఏడుగురిలో ఒకరికి సమస్య ఉంటుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పెద్దవాళ్లు 'మనసు బాగోలేదు' అని చెప్పగలరు. పిల్లలు చెప్పలేరు. వాళ్ల శరీరం చెబుతుంది, లేదా ప్రవర్తన చెబుతుంది. చిన్నపిల్లల విషయంలో ముందు ఎదుగుదలను చూడాలి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు రెండు పదాలు కలిపి అనలేకపోవడం ఆటిజం లాంటి సమస్యలకు సంకేతాలు కావచ్చు. 'వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అని ఎదురుచూస్తూ కూర్చోవడం మన ఇళ్లలో చాలా మామూలు. ఇక్కడ పోగొట్టుకునే నెలలు విలువైనవి. అనుమానం వచ్చిన రోజే చూపించవచ్చు, సమస్య లేదని తేలితే సంతోషమే కదా.

బడి వయసులో అయితే కారణం దొరకని నొప్పులు, బడికి వెళ్లనని మొండికేయడం, కూర్చున్నచోట కూర్చోలేకపోవడం, తెలివిగా మాట్లాడే పిల్లవాడే చదవడం, రాయడం దగ్గరికి వచ్చేసరికి వెనకపడటం, పక్క తడపడం ఆగిపోయిన చాలాకాలానికి మళ్లీ మొదలవడం చూడాలి. టీనేజీలో నిద్ర తలకిందులవడం, స్నేహితుల్ని వదిలేయడం, ఇష్టమైన ఆటను కూడా మానేయడం, చేతులపై గీతలు కనిపించకుండా ఎండలోనూ ఫుల్ హ్యాండ్స్ వేసుకోవడం. ఇందులో ఏదో ఒకటి రెండు రోజులు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. రెండు వారాలకు పైగా సాగుతూ చదువునో, తిండినో, నిద్రనో, ఇంట్లో సంబంధాలనో దెబ్బతీస్తుంటే మాత్రం చూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి?

చాలామంది తిరిగి తిరిగి అలసిపోయేది ఇక్కడే. సమస్యను బట్టి వెళ్లాల్సిన తలుపు మారుతుంది.

ఏం చేయాలో అసలు తెలియకపోతే ఫోన్‌తో మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబర్ కలవకపోతే 1800 891 4416కు చేయవచ్చు. పిల్లలే చేయవచ్చు, పిల్లల గురించి తల్లిదండ్రులూ చేయవచ్చు. అవసరమైతే మీ దగ్గర్లోని ఆసుపత్రికి పంపుతారు. ఫోన్‌లో థెరపీ మొత్తం అయిపోతుందని అనుకోవద్దు. దారి చూపించడానికి మాత్రం అది ఇప్పుడున్న వాటిలో తేలికైన మార్గం.

మాటలు, నడక ఆలస్యమవడం, ఆటిజం, అతి చురుకుదనం, చదువులో ఇబ్బందులు లాంటి ఎదుగుదల సమస్యలైతే జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లాలి. ఆసుపత్రిలో 'డైక్' అని అడిగితే చూపిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి వచ్చాయి. అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడుల్లో పరీక్షలు చేసే బృందాలు పిల్లల్ని ఇక్కడికే పంపుతాయి. పిల్లల డాక్టర్, సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, ఫిజియోథెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట ఉండాలన్నది దీని ఉద్దేశం. అన్ని కేంద్రాల్లో అన్ని పోస్టులూ నిండి ఉండవు కాబట్టి, మీకు కావల్సిన థెరపిస్ట్ ఏయే రోజుల్లో ఉంటారో ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటి గురించి మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి.

బౌద్ధిక ఎదుగుదలలో సమస్య ఉన్న పిల్లలకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ పెద్ద దిక్కు. 1984లో ఏర్పడిన ఈ సంస్థలో పరీక్షలు, థెరపీలతో పాటు తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తారు.

భయాలు, దిగులు, బడి మానేయడం, కోపం, తనను తాను గాయపరచుకోవడం, ఫోన్ పిచ్చి లాంటి వాటికి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగం ఓపీకి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఇందుకోసమే ఉన్నాయి. ఆ పేర్లకు జంకేవాళ్లు గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, గుంటూరు జీజీహెచ్ లాంటి జనరల్ ఆసుపత్రుల్లోని సైకియాట్రీ ఓపీకి వెళ్లవచ్చు. అక్కడ చెవి డాక్టర్ గదికి, ఎముకల డాక్టర్ గదికి వెళ్లేవాళ్లతో కలిసి అదే వరుసలో నిలబడతారు, ఎవరూ పట్టించుకోరు. అనంతపురం, హిందూపురం వైపు వాళ్లకు హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర. అక్కడి నిమ్‌హాన్స్‌లో పిల్లలు, కౌమార వయసువారికి ప్రత్యేక విభాగమే ఉంది.

ఎవరు ఏం చేస్తారు?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. జబ్బును నిర్ధారించడం, మందులు రాయడం ఆయన పని. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు, థెరపీ చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటి పరిస్థితి, బడి, సంక్షేమ పథకాల సంగతి చూసేది సైకియాట్రిక్ సోషల్ వర్కర్. కుటుంబ థెరపీలో చాలాసార్లు ముఖ్యమైన మనిషి ఈమే లేదా ఈయనే.

ఇక 'కౌన్సెలర్'. ఆ మాటతో బోర్డు పెట్టుకున్నవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు, మూడు వారాంతాల కోర్సు చేసినవాళ్లూ ఉన్నారు. ప్రైవేటుగా వెళ్తే 'మీ ఆర్‌సీఐ నంబర్ ఎంత?' అని అడగడానికి మొహమాటపడకండి. ఆ నంబర్‌ను ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఈ ప్రశ్నకు కోపగించుకునే చోట నుంచి లేచి వచ్చేయడమే మేలు.

మొదటి రోజు ఏం అడుగుతారు?

ప్రభుత్వ ఓపీలు ఎక్కువగా ఉదయం పూటే. ఓపీ చీటీ, పిల్లల ఆధార్, పాత రిపోర్టులు, ప్రోగ్రెస్ కార్డు, కుదిరితే రెండు మూడు నోటు పుస్తకాలు పట్టుకెళ్లండి. నోటు పుస్తకం ఎందుకంటారా? అక్షరాలు తిరగేసి రాస్తున్నారా, నెల రోజుల కిందటిదాకా బాగున్న రాత ఒక్కసారిగా చెదిరిందా అన్నది ప్రోగ్రెస్ కార్డు చెప్పదు, నోటు పుస్తకం చెబుతుంది.

ప్రశ్నలు చాలా ఉంటాయి, కొన్ని వింతగా అనిపిస్తాయి. కాన్పు మామూలుగా జరిగిందా, పుట్టగానే ఏడ్చిందా, ఎన్నో నెలలో నడిచింది? ఎవరి పక్కన పడుకుంటుంది? ఈ ఏడాదిలో ఇల్లు మారారా, ఎవరైనా చనిపోయారా, ఉద్యోగం పోయిందా? ఇంట్లో తాగేవాళ్లు ఉన్నారా, చేయి చేసుకునేవాళ్లు ఉన్నారా? తల్లికి దిగులు జబ్బు వచ్చిందా? 'పిల్ల సంగతి చెబుతుంటే మా సంగతులెందుకు' అని చాలామంది ఇక్కడ ముడుచుకుపోతారు. ఇవి నేరం మోపడానికి అడిగేవి కావు. పిల్లల భయానికి వేళ్లు ఎక్కడున్నాయో వెతకడానికి వేరే దారి లేదు.

తర్వాత పిల్లతో కొంతసేపు విడిగా మాట్లాడతారు. చిన్నవాళ్లయితే బొమ్మలు, రంగులు ఇస్తారు. 'మీ ఇంట్లోవాళ్లందరినీ గీయి' అంటే ఎవరిని పెద్దగా గీశారు, ఎవరిని వదిలేశారు అన్నదాని మీద కబుర్లు నడుస్తాయి. బొమ్మను చూసి జాతకం చెప్పేస్తారనుకోకండి. ఆ బొమ్మ మాట మొదలుపెట్టడానికే. చదువులో ఇబ్బంది ఉంటే ఐక్యూ పరీక్ష, అభ్యసన వైకల్య పరీక్షలకు వేరే తేదీ ఇస్తారు. చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేక వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కోసం పరీక్షలు సాధారణంగా ఎనిమిదేళ్లు నిండాక, లేదా మూడో తరగతి నుంచి చేస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని వైకల్యంగా గుర్తించింది. పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లకు ఆ పత్రమే ఆధారం.

చాలా కుటుంబాలు మొదటి రోజు నిరాశగా తిరిగి వస్తాయి. 'ఇంత దూరం వెళ్తే ప్రశ్నలడిగి పంపించేశారు, మందు కూడా రాయలేదు' అంటారు. మందు రాయకపోవడం చాలాసార్లు మంచి వైద్యానికి గుర్తు.

థెరపీ అంటే ఏం చేస్తారు?

మన కడుపునొప్పి అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమెకు ఉన్నది బడి గురించిన ఆందోళన అని తేలిందనుకుందాం. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకు మారింది, క్లాసులో లేచి చదవమంటే నోరు ఎండిపోతుంది, ఒకసారి అందరూ నవ్వారు. ఆమె చెప్పే కడుపునొప్పి అబద్ధం కాదు. భయంతో పేగుల కదలిక నిజంగానే మారుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది.

ఇలాంటి ఆందోళనకు ఎక్కువగా వాడేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా సీబీటీ. భయం వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పిల్లకు అర్థమయ్యేలా చెబుతారు. ఆ క్షణంలో మనసులో మెదిలే మాటను, 'అందరూ నవ్వుతారు' అన్నదాన్ని పట్టుకోవడం నేర్పుతారు. ఆపైన భయానికి మెట్లు కడతారు. మొదట అద్దం ముందు చదవడం, తర్వాత అమ్మ ముందు, తర్వాత ఒక స్నేహితురాలి ముందు, తర్వాత టీచర్ ఒక్కరి ముందు, చివరికి క్లాసులో రెండు లైన్లు. ఒక్కో మెట్టు మీద భయం దానంతట అది తగ్గేదాకా నిలబడటమే మందు. వారానికోసారి చొప్పున పది, పన్నెండు సెషన్లు పట్టవచ్చు.

ఇది ఎంత పనిచేస్తుంది? అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 488 మంది పిల్లలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. 12 వారాల తర్వాత సీబీటీ తీసుకున్నవారిలో 60 శాతం, సెర్ట్రలిన్ అనే మందు తీసుకున్నవారిలో 55 శాతం, రెండూ కలిపి తీసుకున్నవారిలో 81 శాతం మంది బాగా మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 24 శాతమే. అంటే మాటలతో చేసే చికిత్స, మందు దాదాపు సమానంగా నిలిచాయి.

ఇంట్లోవాళ్లను ఎందుకు రమ్మంటారు?

వారంలో థెరపిస్ట్ దగ్గర ఉండేది ముప్పావు గంట. మిగతా సమయమంతా పిల్ల ఉండేది ఇంట్లో, బడిలో.

ఆ అమ్మాయి ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. నొప్పి అనగానే నాయనమ్మ బడి మాన్పిస్తుంది. ప్రేమతోనే. కానీ బడి మానిన ప్రతి రోజూ 'బడి ప్రమాదకరం, ఇల్లే భద్రం' అన్న పాఠం పిల్ల మెదడులో గట్టిపడుతుంది. మరుసటి రోజు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. నాన్న అరుపులతో భయం రెట్టింపవుతుంది. అమ్మ ప్రతి ఐదు నిమిషాలకూ 'ఇప్పుడెలా ఉంది? ఇంకా నొప్పిగా ఉందా?' అని అడుగుతుంటే పిల్ల దృష్టి కడుపు మీద నుంచి కదలదు. ముగ్గురిదీ మంచి ఉద్దేశమే, ముగ్గురూ కలిసి తెలియకుండానే భయాన్ని పోషిస్తున్నారు.

అందుకే సోషల్ వర్కర్ 'వచ్చేవారం నాన్నగారు, నాయనమ్మగారు కూడా రండి' అంటారు. వచ్చాక చెప్పేది ఉపన్యాసం కాదు, చిన్న చిన్న ఒప్పందాలు. నొప్పి అంటే 'కష్టంగా ఉందని తెలుసు, అయినా నువ్వు వెళ్లగలవు' అనే ఒకే మాట ముగ్గురూ అనాలి. ఒకవేళ ఆ రోజు ఇంట్లోనే ఉంటే టీవీ, ఫోన్, స్పెషల్ టిఫిన్ ఉండవు. వెళ్లిన రోజు సాయంత్రం నాయనమ్మ పక్కన కూర్చుని ఆ రోజు కబుర్లు వింటుంది. నాయనమ్మ ముద్దు ఆగిపోదు, పిల్ల బడి నుంచి తిరిగి వచ్చాక అందుతుంది.

దీన్ని నిజంగా పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 2020లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఆందోళన సమస్య ఉన్న 124 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పిల్లలకు సీబీటీ. రెండో గుంపులో థెరపిస్ట్ దగ్గరికి వచ్చింది తల్లిదండ్రులు మాత్రమే. పిల్లలు థెరపీకి రానే లేదు. చివరికి రెండు గుంపుల్లోనూ పిల్లలు సమానంగా మెరుగయ్యారు. 'వాడు రానంటున్నాడు, ఇక మేమేం చేయగలం?' అని వదిలేసే టీనేజర్ల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. వాడు రాకపోతే మీరు వెళ్లండి.

అతి చురుకుదనం, అంటే ఏడీహెచ్‌డీ ఉన్న ఆరేళ్లలోపు పిల్లలకు కూడా మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణే అని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ శిక్షణలో నేర్పేవి వినడానికి మామూలుగా ఉంటాయి. ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కటే చెప్పడం. వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి చెప్పడం. 'గుడ్ బాయ్' అని కాకుండా 'చెప్పగానే బ్యాగు సర్దావు, బాగుంది' అని చేసిన పనిని మెచ్చుకోవడం. రోజూ పది నిమిషాలు, ఫోన్ పక్కన పడేసి, పిల్లాడు చెప్పిన ఆట ఆడటం. వారం రోజులు చేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.

నిజానికి చికిత్సలో కుటుంబాన్ని కలుపుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువుల కోసం ఆవరణలో డేరాలు వేయించి, వాళ్లను చికిత్సలో భాగం చేశారు.

మందులు రాస్తే భయపడాలా?

అన్నిటికీ మాటలే చాలవు. తీవ్రమైన డిప్రెషన్, ఓసీడీ, ఆరేళ్లు దాటిన పిల్లల్లో గట్టి ఏడీహెచ్‌డీ, లేనివి కనిపించడం, వినిపించడం లాంటి వాటికి మందులు అవసరమవుతాయి. 'జీవితాంతం వాడాలా?', 'మత్తుమందా?' అని అక్కడే అడిగేయండి. పద్దెనిమిదేళ్లలోపు వారికి డిప్రెషన్ మందులు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు మొదటి కొన్ని వారాలు జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. కొందరిలో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004 నుంచి హెచ్చరికను తప్పనిసరి చేసింది. అలాగని పక్కింటివాళ్ల మాట విని ఒక్కసారిగా ఆపేయకూడదు. మార్పు కనిపిస్తే డాక్టర్‌కు చెప్పాలి, ఆయనే తగ్గిస్తారు లేదా మారుస్తారు.

బడికి తెలిసిపోతుందా?

మీరు చెబితే తప్ప తెలియదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని సెక్షన్ 23 చికిత్స వివరాల గోప్యతను హక్కుగా చేసింది. సెక్షన్ 25 ప్రకారం వైద్య రికార్డులు చూసే హక్కు కూడా ఉంది. పిల్ల మైనర్ కాబట్టి ఆమె తరఫున నిర్ణయాలు తీసుకునేది తల్లిదండ్రులే. అయినా థెరపిస్ట్‌తో చెప్పుకున్న ప్రతి మాటా మీకు చెప్పాలని పట్టుబడితే పిల్ల మాట్లాడటం మానేస్తుంది. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే థెరపిస్టే మీకు చెబుతారు. పిల్లపై లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి, ఆ విషయంలో డాక్టర్‌కు కూడా మినహాయింపు లేదు. ఇంటర్ సెకండియర్‌లో పద్దెనిమిది నిండిన వాళ్ల సంగతి వేరు. చట్టం దృష్టిలో వాళ్లు పెద్దవాళ్లు, నిర్ణయం వాళ్లదే.

బడికి చెప్పడమే మంచిదైన సందర్భాలూ ఉన్నాయి. క్లాసులో హఠాత్తుగా లేపి చదివించవద్దని టీచర్‌కు చెప్పాలంటే విషయం కొంతైనా తెలియాలి కదా. జబ్బు పేరు లేకుండా, ఏం సహాయం కావాలో మాత్రమే రాసి ఇమ్మని డాక్టర్‌ను అడగవచ్చు.

కాలేజీలు, కోచింగ్ సెంటర్ల విషయంలో ఇప్పుడు ఇంకో ఆధారం ఉంది. విశాఖలో ఓ నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం మానాలి. హాస్టళ్లలో, క్లాసుల్లో టెలి మానస్ లాంటి నంబర్లు కనిపించేలా పెట్టాలి. మీ అబ్బాయి హాస్టల్ గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ పక్కన ఆ నంబర్ ఉందో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడగండి.

ఖర్చు సంగతి

ప్రభుత్వ ఓపీలో చూడటానికి, ఆసుపత్రిలో ఉన్న మందులకు పెద్దగా ఖర్చుండదు. ప్రయాణం, పోయిన రోజు కూలి, సెలవులే అసలు ఖర్చు. ప్రైవేటులో ఒక్కో సెషన్‌కు వందల నుంచి వేల రూపాయల దాకా తీసుకుంటారు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టంలోని సెక్షన్ 21 చెబుతోంది. అన్ని పాలసీలూ దీన్ని పాటించాలని బీమా నియంత్రణ సంస్థ 2022 అక్టోబర్‌లో మళ్లీ ఆదేశించింది. అయితే ఇందులో మెలిక ఉంది. మన పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారం వారం జరిగే థెరపీకి రావాలంటే పాలసీలో ఓపీ కవర్ విడిగా ఉండాలి. పిల్లల మానసిక వైద్యం ఓపీలోనే జరుగుతుంటే బీమా మాత్రం మంచం దగ్గరే ఆగిపోవడం అర్థంలేని పని. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బౌద్ధిక వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా ఉంది. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, ఓపీ థెరపీలకూ పనికొస్తుంది.

ఓపీ తేదీ దాకా ఆగకూడనివి

'నేను లేకపోతే బాగుంటుంది' అని పిల్లలు అన్నా, రాసినా, గాయం చేసుకున్నా ఓపీ కోసం ఎదురుచూడొద్దు. ఎప్పుడైనా నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. ఈలోపు ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోని మాత్రలు, పురుగుమందు, ఫినాయిల్, ఎలుకల మందు బయట పడేయండి లేదా తాళం వేయండి. 'చనిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామంది పిల్లలు తేలికపడతారు. హింస, వేధింపు ఉన్న పిల్లల కోసం చైల్డ్‌లైన్ 1098 ఉంది.

రెండోసారి వెళ్లడం

దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు. పిల్లల కోసం ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు అందులోనూ కొద్దిమందే. కాబట్టి ప్రభుత్వ ఓపీలో డాక్టర్ పది నిమిషాలే చూసి ఉండవచ్చు, వచ్చేసారి వేరే డాక్టర్ ఉండవచ్చు. చట్టంలోని సెక్షన్ 18 పిల్లల మానసిక ఆరోగ్య సేవల్ని పేరుపెట్టి ప్రస్తావించి, అవి దగ్గర్లోనే అందాలని చెబుతుంది. ఆచరణ అంత దూరం ఇంకా రాలేదు.

థెరపీ సగంలో ఆగిపోవడానికి కారణం చాలావరకు ఇదే. మూడో వారానికి పిల్ల కొంచెం కుదుటపడుతుంది, నాన్నకు సెలవు దొరకదు, 'తగ్గిందిగా' అనుకుంటారు. పరీక్షలప్పుడు మళ్లీ మొదటికి వస్తుంది. దీన్ని కొంత మీరే తప్పించుకోవచ్చు. మొదటి రోజు గదిలోంచి బయటకు వచ్చేముందే అడగండి: థెరపీ ఎవరు చేస్తారు, వాళ్లు ఏ రోజుల్లో ఉంటారు, మొత్తం ఎన్నిసార్లు రావాలి, రెండు వారాలకోసారి వస్తే సరిపోతుందా, మధ్యలో ఫోన్‌లో మాట్లాడవచ్చా, మీకు దగ్గర్లో ఇంకెక్కడైనా కొనసాగించవచ్చా. ఆ జవాబుల్ని ఓపీ చీటీ వెనక రాయించుకోండి. ఇంట్లో ఒప్పుకున్న పనులు ఎన్ని రోజులు జరిగాయో, ఎన్ని రోజులు జరగలేదో క్యాలెండర్‌లో టిక్కులు పెట్టి ఫొటో తీసుకెళ్లండి. కొత్త డాక్టర్ ఉన్నా ఆ ఫొటో, ఆ చీటీ చూస్తే కథంతా మొదటి నుంచి అడగాల్సిన పని ఉండదు. పిల్ల కూడా మళ్లీ అన్నీ చెప్పుకోనక్కర్లేదు.